టెండరు పెట్టె పక్కన పనసపండు

బార్ అసోసియేషన్లో కుర్ర లాయర్లు నన్ను చాటుగా 'పనసపండు మేడం' అంటారని నాకు తెలుసు. నాకు తెలీదనుకుంటున్నారు, పాపం. ఇన్నేళ్ళు కోర్టు వరండాల్లో తిరిగిన చెవులివి, ఆ మాత్రం గుసగుసలు వినపడవూ! పేరు పెట్టినందుకు నాకేం కోపం లేదు గానీ, సంగతి సగమే తెలిసి నవ్వుతున్నారు. ఆ నవ్వేదేదో మొత్తం తెలిసి నవ్వండని ఇప్పుడు తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

నేను చేసింది టెండర్ల ప్రాక్టీసు. మా కోనసీమలో లాయరంటే గట్టు తగాదా, అన్నదమ్ముల పంపకం, మహా అయితే కొబ్బరితోటలో దెబ్బలాట. ప్రభుత్వానికీ కాంట్రాక్టరుకీ నడిమధ్య నిలబడి వాదించే పని ఒకటుంటుందని నేను కోటు తొడుక్కునే నాటికి నాకే తెలీదు. మా సీనియర్ గారు ఓ రోజు గోదావరి గట్టుకి రాళ్ళు పోసిన కాంట్రాక్టరు ఫైలు తెచ్చి, "ఇది చూడమ్మా, నాకు ఓపిక లేదు" అని నా ముందు పడేసేరు. రాళ్ళు పోసేనంటాడు ఆయన, పొయ్యలేదంటుంది ఆఫీసు. మధ్యలో వరదొచ్చి వెళ్ళింది. గోదాట్లో పడ్డ రాళ్ళు ఎవరు లెక్కెడతారండీ! ఆ కేసు నెగ్గేనో ఓడేనో నాకిప్పటికీ సరిగ్గా తెలీదు, తీర్పు విని రెండు పక్షాలవాళ్ళూ మిఠాయిలు పంచేరు. ఇక అప్పట్నుంచి ఆ బాపతు కేసులన్నీ నా గుమ్మంలోకే వచ్చేవి. మా నాన్నగారు మిషన్ స్కూల్ హెడ్మాస్టరు. కూతురు కూడా టీచరవుతుందనుకుంటే కంకర, సిమెంటు అంటూ మాట్లాడుతోందని చివరిదాకా దిగులుపడ్డారు.

పెద్ద పెద్ద వంతెనల కేసులు చేసేను. హైకోర్టు మెట్లూ ఎక్కేను. కానీ నా ప్రాక్టీసు మొత్తంలో నాకు బాగా ఇష్టమైన కేసేదంటే మాత్రం పనసపండే.

ఓ వేసవి పొద్దున్న మా బాబాయిగారు లోపలికొచ్చేరు. బాబాయిగారంటే చుట్టం కాదు, మా ఆఫీసు గుమాస్తా. మా సీనియర్ గారి దగ్గర్నుంచి బీరువాతో పాటు నాకు సంక్రమించిన మనిషి.

"అమ్మా, గోదాట్లో లంకలోంచి నలుగురు ఆడవాళ్ళొచ్చేరు. పెద్దావిడ ఏడుపు బిగబట్టుకుని కూర్చుంది. ముందు మంచినీళ్ళిచ్చేను."

"ఏం కేసండీ?"

"లంచం కేసుట."

నేను నవ్వేను. లంచం తీసుకున్నవాళ్ళు వచ్చేవారు నా దగ్గరికి, ఇవ్వలేక చితికిపోయినవాళ్ళూ వచ్చేవారు. లంక నుంచి పడవెక్కి వచ్చి లంచం ఇచ్చిన ఆడవాళ్ళని చూడ్డం అదే మొదలు.

పెద్దావిడకి యాభై దాటి ఉంటాయి. బక్కపల్చటి మనిషి, కాలిన మచ్చలున్న చేతులు. కువైట్లో ఏళ్ళ తరబడి ఒకరింట్లో వంట చేసి, ఊరొచ్చి, చుట్టుపక్కల ఆడవాళ్ళని కూడగట్టి మహిళా సంఘం పెట్టింది. పెళ్ళిళ్ళకీ, చర్చిలో పండగలకీ వీళ్ళే వంట. ఆ ఏడు ప్రభుత్వాసుపత్రిలో రోగులకి భోజనం వండి పెట్టడానికి టెండరు పిలిచేరు. వీళ్ళూ ధైర్యం చేసి వేసేరు. ఏ ఊరి ఆసుపత్రో చెప్పను, అడక్కండి.

"ఆఫీసుకెళ్ళి టెండరు కవరు పెట్టెలో వేసేమండి. వేసి, చేత్తో తెచ్చిన పనసపండు బల్లమీద పెట్టేనండి. కొత్తగా మేడంగారొచ్చేరట గదండీ, ఆవిడికీ, ఆఫీసులో అందరికీ అని చెప్పేనండి. చెప్పి రేవుకి వెళ్ళిపోయేమండి. ఇంతేనండి నేను చేసింది."

"పనసపండా?"

"ఆయ్. మా అత్తగారు వేసిన చెట్టండి. మొదటిసారి ఒక గుమ్మం తొక్కుతూ ఉత్తి చేతుల్తో ఎలా వెళ్తామండీ?"

చూసేరా, ఇదీ తిరకాసు. ఈ నేలమీద పుట్టినవాళ్ళకి ఇందులో తప్పేవిటో ఎంత చెప్పినా తలకెక్కదు. మేం అరటి హస్తమో, రెండు కొబ్బరికాయలో చేతిలో లేకుండా పక్కింటికి కూడా వెళ్ళం. పళ్ళ డాక్టరు దగ్గరికి మావిడికాయలు పట్టుకెళ్ళినవాళ్ళని నేనెరుగుదును. కానీ టెండరు రూలు వేరు. టెండరు వేసినవాళ్ళు ఆఫీసువాళ్ళకి విలువైనదేదీ ఇవ్వకూడదు. ఇస్తే ఆ టెండరు పక్కన పడేయొచ్చు, మనిషిని బ్లాక్ లిస్టులో పెట్టొచ్చు. అంటే కొన్నేళ్ళపాటు ఏ ప్రభుత్వాఫీసూ ఆ సంఘానికి పని ఇవ్వదు.

ఆఫీసుకి ఫిర్యాదు చేసింది పాత కాంట్రాక్టరు. ఎన్నో ఏళ్ళుగా ఆ ఆసుపత్రికి భోజనం సరఫరా చేస్తున్నదాయనే. ఆయన సాంబారులో ములక్కాడ ముక్క కనపడితే రోగులు పక్క మంచాల వాళ్ళకి చూపించుకునేవారని చెప్పుకునేవారు. ఆ రోజు ఆయనా తన కవరు వెయ్యడానికొచ్చేడు. పెట్టె పక్కనున్న పండుని ఫోనులో ఫొటో తీసి, 'లంచం' అని అర్జీ పెట్టేసేడు. కొత్తగా వచ్చిన ఆఫీసరమ్మ కొబ్బరిచెట్టు మొహం ఎరగని జిల్లా నుంచి వచ్చింది, వయసు చిన్నది, రూలంటే రూలే. టెండర్లు తెరవడం ఆపేసి, మిమ్మల్ని ఎందుకు బ్లాక్ లిస్టులో పెట్టకూడదో చెప్పుకోండని ఈవిడకి నోటీసు పంపింది. చట్టప్రకారం చూస్తే ఆ అమ్మాయి చేసిందాంట్లో వంక పెట్టడానికి లేదు.

"పని పోతే పోయిందండి," అంది పెద్దావిడ. ఇక ఏడుపు ఆగలేదు. "అన్నేళ్ళు పరాయి దేశంలో ఉన్నానండి. ఆ ఇంటివాళ్ళు పెట్టెలు తెరిచి ఇల్లు నామీద వదిలేసి వెళ్ళేవారండి. ఒక్క గింజ ముట్టుకోలేదు. ఇవాళ రేవులో పడవెక్కుతుంటే 'లంచమిచ్చిందటే' అని నవ్వుతున్నారండి. ఆ మాట తీయించండి చాలు."

బాబాయిగారు కళ్ళజోడు తుడుచుకుంటూ గుమ్మంలోంచి వెళ్ళిపోయేరు.  నాకు ఒళ్ళు మండింది. పెట్టెలకి పెట్టెలు మింగినవాళ్ళు దర్జాగా తిరుగుతుంటే, ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డట్టు, వచ్చి వచ్చి ఈ పనసపండు మీద పడిందా చట్టం!

ఆ సాయంత్రమే ఆఫీసు సూపరింటెండెంటు మా బాబాయిగారితో కబురంపేడు. పెద్దావిడ క్షమాపణ రాసిచ్చి టెండరు వెనక్కి తీసుకుంటే బ్లాక్ లిస్టు లేకుండా ఆయన మేడంతో మాట్లాడతాట్ట. లాయరుగా చూస్తే మంచి బేరమే. మర్నాడు ఆవిడతో చెప్పేను. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని, "క్షమాపణ అంటే తప్పు చేసేనని ఒప్పుకోడమేగదండీ?" అంది.

"అంతేనమ్మా."

"అయితే వద్దండి."

బాబాయిగారు నా వైపు చూసి, "ఇంకేం, కోటు ఇస్త్రీకిస్తానమ్మా," అన్నారు.

హియరింగు రోజు నేను జడ్జిమెంట్లు కట్టలు కట్టుకెళ్ళేను. ఆఫీసరమ్మ గది చిన్నది. ఓ పక్క సూపరింటెండెంటు, గుమాస్తాలు. ఇంకోపక్క ఫిర్యాదు చేసిన కాంట్రాక్టరు, తెల్లచొక్కా, మెళ్ళో పులిగోరు, మంచి భారీ మనిషి. మావాళ్ళు నలుగురూ గోడకి ఆనుకుని నిలబడ్డారు, కూర్చోమన్నా కూర్చోలేదు.

నేను లేచి దంచేను. శిక్ష వెయ్యాలంటే ఉద్దేశం రుజువు కావాలన్నాను, సుప్రీంకోర్టు ఏమందో చెప్పేను. టెండరు కవరు సీలు వేసి పెట్టెలో పడిపోయేక ఇచ్చిన పండు దేన్ని మారుస్తుందని అడిగేను. చివరికి, "అసలు లంచమనేది చాటుగా ఇచ్చేదండి. ఈ ప్రపంచంలో చాటుగా ఇవ్వడానికి వీల్లేని వస్తువు ఏదైనా ఉంటే అది పనసపండు. సందు చివర పెడితే వీధి మొదట్లోకి వాసనొస్తుంది. తెలివున్నవాళ్ళెవరైనా పనసపండు లంచమిస్తారా?" అన్నాను. ఈ మాటకి నవ్వుతారనుకున్నాను. గుమాస్తాలు నవ్వబోయి, మేడం మొహం చూసి మానేసేరు.

"మీరు బాగా మాట్లాడేరు," అందావిడ. "కానీ రూల్లో చాటుగా అని లేదు. విలువైనదేదైనా అని ఉంది. పండుకి విలువ లేదంటారా?"

లేదని ఎలా అంటానండీ, వెనకాల పెద్దావిడ వింటోంది. కూర్చున్నాను. అక్కడికి నా జడ్జిమెంట్ల కట్ట అయిపోయింది. ఓడిపోయేనని నాకు అర్థమైపోయింది.

అప్పుడు ఆఫీసరమ్మ సూపరింటెండెంటు వైపు తిరిగి మామూలుగా అడిగింది. "ఇంతకీ ఆ పండు ఏం చేసేరు?"

ఆయన బల్లమీద ఫైళ్ళు సర్దడం మొదలెట్టేడు. "కుళ్ళిపోయిందండి మేడం. పారేయించేసేను."

వెనకాల్నించి పెద్దావిడ ఊపిరి పీల్చిన చప్పుడు వినపడింది. అంతవరకూ నోరు విప్పని మనిషి. "కుళ్ళడమేవిటండీ! మా చెట్టుకాయ ఎప్పుడూ కుళ్ళలేదండి. వాసన చూసి, వేలితో తట్టి, మా అత్తగారు సరేనన్నాకే కోసి తెచ్చేనండి!" అంది. లంచమన్నప్పుడు కూడా ఆవిడ గొంతు అంత లేవలేదు.

కాంట్రాక్టరు కుర్చీలో ఇబ్బందిగా కదిలేడు. అది నా కంట పడింది. నేను ఈ ఊళ్ళో పుట్టేను, ఈ మనుషుల్ని ఎరుగుదును. మా వైపు మగాడు ఆస్తిమీద అబద్ధం వింటే ఊరుకుంటాడు గానీ, పండుమీద అబద్ధం వింటే ఊరుకోలేడు. వెంటనే లేచేను.

"పోనీలేమ్మా, ఊరుకో," అన్నాను పెద్దావిడతో, కళ్ళు మాత్రం కాంట్రాక్టరు మీదే ఉంచి. "కొన్ని చెట్లంతే. పైకి నవనవలాడతాయి, కోస్తే లోపలంతా పీచు. తొన నోట్లో పెడితే సబ్బుముక్క నమిలినట్టు..."

"ఎవరండీ సబ్బుముక్కంది!" కాంట్రాక్టరు లేచి నిలబడిపోయేడు. "తేనండీ తేనె! ఇంతింత తొనలు! అలాంటి పండు ఈ మధ్య నేనే చూళ్ళేదు!"

గుమాస్తాలు తలలు దించేసుకున్నారు. 

"అలాగాండీ," అన్నాను నేను మెల్లిగా. "మరి మీకెలా తెలుసు?"

నోరు జారేనని ఆయనకీ తెలిసింది. కానీ అప్పటికే ఆలస్యమైంది, పైగా పౌరుషం పొడుచుకొచ్చింది. "నేనే కోసేనండి మరి! ఆ కుర్రగుమాస్తా చేతికి నూనె రాసుకోకుండా కత్తి దించబోతున్నాడు. జిగురుపాలన్నీ అంటుకుని పండు పాడు చేసేస్తాడు. చూస్తూ ఊరుకోమంటారా? నా చేతికి కత్తిమ్మన్నాను. పనస కొయ్యడంలో మా ఇంటిపేరు చెప్పుకుంటారండి!"

"బావుందండి. కోసేరు. పంచేరు?"

"పంచేనండి."

"తిన్నారు?"

"...రెండు తొనలండి."

"తిన్నాక ఇంటికెళ్ళి లంచమని అర్జీ రాసేరు."

ఆయన జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. పాపం, చెడ్డవాడు కాదండీ. పండుని చూడగానే కోనసీమ మనిషైపోయేడు, ఇంటికెళ్ళి మళ్ళీ కాంట్రాక్టరైపోయేడు. అంతే.

ఆఫీసరమ్మ గుమాస్తాల వైపు చూసింది. "మీలో ఎవరెవరు తిన్నారు?" అని అడగలేదు ఆవిడ, చూసిందంతే. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఒక్కొక్కరూ మూతి తుడుచుకోవడం మొదలెట్టేరు. పెద్దావిడ ఒక్కర్తే అంత బాధలోనూ మెల్లిగా అడిగింది. "అందరికీ సరిపోయిందాండీ?"

అప్పుడు ఆఫీసరమ్మ సూపరింటెండెంటుకి ఇంకో ప్రశ్న వేసింది. "ఆ రోజు సాయంత్రం నేను క్యాంపు నుంచి వచ్చేసరికి నా టేబుల్ మీద స్టీలు గిన్నెలో తొనలున్నాయి. మీ ఇంటినుంచి తెచ్చేనన్నారు. ఎక్కడివవి?"

దొంగకి తేలు కుట్టినట్టు సూపరింటెండెంటు ఫ్యాను వైపు చూస్తూ ఉండిపోయేడు.

ఇక్కడ ఆగి మీకొక మాట చెప్పాలి. ఆవిడ ఆ ప్రశ్న వెయ్యక్కర్లేదు. ఆ గిన్నె సంగతి ఆవిడకీ ఆయనకీ తప్ప ఎవరికీ తెలీదు. దాచుకుంటే దాగిపోయేది. ఎంతోమంది పెద్ద అధికార్ల ఎదుట నిలబడ్డాను గానీ, తనమీదకొచ్చే ప్రశ్న తనే వేసుకున్నవాళ్ళని మళ్ళీ చూళ్ళేదు. ఆ క్షణాన ఆ చిన్నపిల్లకి నేను మనసులో దణ్ణం పెట్టేను.

"తిన్నాను," అందావిడ. తర్వాత కాస్త ఆగి, "బాగుంది," అంది. అప్పుడు నవ్వింది. ఇక చూడండి, అంతసేపూ బిగబట్టుకున్న గది గదంతా ఘొల్లుమంది. బయట అటెండరు ఏవైందోనని తలుపు తోసుకుని వచ్చేడు.

నవ్వులయ్యేక స్టెనోని పిలిచి ఆర్డరు చెప్పింది. ఇచ్చింది అందరి ఎదటా, ఒకరికని కాదు అందరికీ. తిన్నది ఆఫీసు, ఆఫీసరు, ఫిర్యాదుదారు. తిన్నవాళ్ళంతా కూర్చుని పెట్టినావిణ్ణి శిక్షించడం న్యాయం కాదు. నోటీసు రద్దు. టెండర్లు ఎల్లుండి తెరుస్తాం.

పెద్దావిడ ముందుకొచ్చి చేతులు జోడించింది. "మేడంగారండి, ఆ మాట..."

"ఏ మాటమ్మా?"

"లంచమన్న మాటండి. కాయితాల్లో ఉండిపోతుందాండీ?"

ఆఫీసరమ్మ స్టెనో వైపు తిరిగింది. "ఆ మాట ఎక్కడెక్కడుందో అక్కడల్లా కొట్టేసి, పండు అని రాయి."

టెండర్లు తెరిస్తే మావాళ్ళదే తక్కువ రేటు. పని వాళ్ళకే వచ్చింది. ఆ ఏడు ఆ ఆసుపత్రిలో డాక్టరు డిశ్చార్జి రాస్తానంటే, "మధ్యాహ్నం భోజనం చేసి వెళ్తానండి" అనేవారట రోగులు. ఆఫీసులో సూపరింటెండెంటు భయంతో గోడకి బోర్డు కట్టించేడు, లోపలికి కాయలూ పళ్ళూ తేరాదని. పాపం ఆయన క్యారియర్లో అరటిపండు కూడా గేటు దగ్గర అటెండరు ఆపేసేడని బాబాయిగారు కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వుతూ చెప్పేరు.

అంతా బాగానే ఉంది గానీ, నాకొకటే బాధగా ఉండేది. పెద్దావిడ పనిమీద ఆ ఆఫీసుకి వచ్చినప్పుడల్లా చేతులు కొంగులో చుట్టుకుని వచ్చేది, ఏమీ తేలేదని దూరం నుంచే కనపడాలన్నట్టు. మా ఇంటికి కూడా అలాగే వచ్చేది. "ఏమ్మా, నాకు టెండరు వెయ్యలేదుగా!" అని వేళాకోళమాడితే నవ్వేది గానీ తెచ్చేది కాదు. కేసు నెగ్గేం, ఆవిడ చేతుల్లోంచి మాత్రం ఏదో లాగేసుకున్నాం. 

మరుసటి వేసవిలో ఆఫీసరమ్మకి బదిలీ అయింది. వీడ్కోలుకి ఆఫీసు ఆవరణలో షామియానా వేసేరు. నన్నూ పిలిచేరు. కాంట్రాక్టరూ వచ్చేడు, కొత్త టెండర్ల మీద ఆశ చావలేదు మరి. ఉపన్యాసాలయ్యేయి, దండలయ్యేయి. పెద్దావిడా ఆవిడ మనుషులూ చివర్లో ఉత్తి చేతులు జోడించి నిలబడ్డారు. ఆఫీసరమ్మ వాళ్ళ దగ్గరికి నడుచుకుంటూ వచ్చి, సగం దారిలో ఆగిపోయింది. ముక్కెగరేసి గాలి పీల్చింది.

"ఈ వాసన నాకు తెలుసు," అంది.

గేటు బయట ఆటో ఉంది. దాన్లో గోనెసంచీ కప్పి ఏదో ఉంది. పెద్దావిడ మొహం పాలిపోయింది. "లోపలికి తేలేదండి! బోర్డుందిగదండీ. మీ కారు గేటు దాటేక ఇద్దామనండి. తప్పయితే పట్టుకెళ్ళిపోతానండి."

ఆఫీసరమ్మ ఆవిడకేమీ చెప్పకుండా నా వైపు చూసింది. అందరూ నా వైపే చూసేరు. సుప్రీంకోర్టులో నిలబడ్డా నాకంత గుండె కొట్టుకోదు.

"మేడం పొద్దున్నే చార్జి అప్పగించేసేరు," అన్నాను. "కనక ఇప్పుడీవిడ ఆఫీసరు కాదు. మన ఊరొచ్చి వెళ్తున్న చుట్టం. చుట్టాన్ని ఉత్తి చేతుల్తో పంపితే అదీ తప్పు!"

పెద్దావిడ ఒక్క ఉదుటున ఆటో దగ్గరికి పరిగెత్తింది. పండుని రెండు చేతులా పొదివి పట్టుకుని, ఆ బరువుకి వెనక్కి వాలి నడుస్తూ, అందరి మధ్యలోంచి నవ్వుకుంటూ వచ్చింది. సంవత్సరం తర్వాత ఆ చేతుల్ని నిండుగా చూసేను. ఏడ్చేనండి, సిగ్గేవుంది చెప్పుకోడానికి.

కుర్రగుమాస్తా కత్తి తెచ్చి పండుమీద ఆనించేడో లేదో, వెనకనుంచి కేక వినపడింది. "ఆగవయ్యా బాబూ! నూనేదీ?" కాంట్రాక్టరు అప్పటికే తెల్లచొక్కా చేతులు మడుచుకుంటూ వస్తున్నాడు.

కనక అబ్బాయిలూ, అమ్మాయిలూ, నన్ను పనసపండు మేడమనే పిలవండి. కానీ వరండాలో గుసగుసలెందుకు, నా ఎదటే పిలవండి. పనసపండుకి చాటేవిటి!